స్కూలు ఫైల్లో మీ బాబు గురించి ఏముంది?

సందేహం: మాది పల్నాడు జిల్లా. మా బాబుకు ఏడేళ్లు, ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి చదువుతున్నాడు. మూడేళ్లు దాటినా మాటలు రాకపోతే గుంటూరులో చూపించాం. ఆటిజం ఉందన్నారు, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత ఉండకపోవడం) కూడా ఉందన్నారు. థెరపీ ఇప్పించాం. ఇప్పుడు చదువుతాడు, లెక్కలు బాగా చేస్తాడు. కానీ ఒకచోట కూర్చోడు, బెల్లు మోగితే చెవులు మూసుకుని అరుస్తాడు. ఎవరేమనుకుంటారోనని చేర్చేటప్పుడు రిపోర్టు ఇవ్వలేదు. తర్వాత ప్రిన్సిపల్ మేడంకు నోటిమాటగా చెప్పాం. థెరపీ మేడం కూడా ఒకసారి క్లాస్ టీచరుకు వాట్సాప్ పెట్టింది. ఆ టీచరు మా వాణ్ని అందరి ముందు పిచ్చోడు అన్నదని తోటి పిల్లలు చెప్పారు. దసరా సెలవుల తర్వాత పక్క పిల్లాణ్ని కొరికాడు. ఆ రోజు మా వారితో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడేమో 'సొంత కారణాల వల్ల మానిపిస్తున్నాం' అని లెటర్ ఇస్తే సగం ఫీజు వెనక్కి ఇస్తాం, టీసీలో ఏమీ రాయం అంటున్నారు. మా తమ్ముడు టీచరు మీద పోలీసు కేసు పెడదామంటున్నాడు. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. చట్టం మాకేమైనా చేస్తుందా?
– ఒక తల్లి

సలహా: అమ్మా, మీరు రాసింది నాలుగు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. అందులో మూడు పేజీలు టీచరు కాఠిన్యం గురించే. అది అబద్ధమని నేను అనను. కానీ మీ కేసు తేలేది దాని మీద కాదు. బాబుకు ఆటిజం ఉందని, వాడికి ఫలానా ఏర్పాటు కావాలని స్కూలుకు రాతపూర్వకంగా ఎప్పుడు చెప్పారు? ఈ ఒక్క ప్రశ్న మీద తేలుతుంది. మీరు ఒక్కసారి కూడా చెప్పలేదు.

మీరు జతచేసిన జిరాక్సులు చూశాను. అడ్మిషన్ ఫారంలో 'ఆరోగ్య సమస్యలు ఏవైనా ఉన్నాయా' అన్న గడిలో మీ చేతిరాతతోనే 'లేవు' అని ఉంది. ఆ తర్వాతి కాగితం మీ వారు సంతకం పెట్టింది. 'ఇలాంటిది మళ్లీ జరిగితే మా అబ్బాయిని మేమే తీసుకెళ్తాం, యాజమాన్యానికి బాధ్యత లేదు' అని ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వరుసలు. మీ వారు చదవకుండా సంతకం పెట్టారని వేరే చెప్పక్కర్లేదు. రేపు విచారణలో ప్రిన్సిపల్ 'మాకు తెలియదు సార్, అల్లరి పిల్లాడనుకున్నాం' అంటే స్కూలు ఫైలు మొత్తం ఆవిడ వైపే మాట్లాడుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనని మీరు దాచిన రిపోర్టు వల్ల నష్టపోయింది మీ బాబే. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

అయితే మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతి ఒకటుంది. థెరపిస్టు క్లాస్ టీచరుకు పెట్టిన వాట్సాప్ మెసేజ్. దానికి టీచరు 'ఓకే మేడం, ముందు బెంచీలో కూర్చోబెడతా' అని జవాబిచ్చిందని మూడో పేజీ అడుగున రాశారు. పిచ్చోడు అన్న మాట కంటే ఈ 'ఓకే మేడం' నాకు వంద రెట్లు విలువైనది. ఎందుకంటే ఆ తేదీ నాటికి పిల్లాడి సమస్య స్కూలుకు తెలుసని, బెంచీ మార్చడం వాళ్లకు భారం కాదని ఆ రెండు ముక్కలే రుజువు చేస్తాయి. మీ కేసు అక్కడ మొదలవుతుంది.

ఇక చట్టం సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలులో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం అందులో ఉంది. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. చాలామంది తల్లిదండ్రులు తడబడేది ఇక్కడే. మీ గుంటూరు రిపోర్టు మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఏడీహెచ్‌డీ అని ఉంది, ఆటిజం మాట రెండో పేజీలో ఒక మూల ఉంది. అవతలి వకీలు మొదటి పేజీ ఒక్కటే చూపించి, ఈ చట్టం వీళ్లకు వర్తించదు అంటాడు. కాబట్టి పిల్లాణ్ని మళ్లీ పరీక్ష చేయించి, ఇప్పటి స్థితితో కొత్త రిపోర్టు తీసుకోండి. మన దగ్గర ఆటిజం తీవ్రతను సాధారణంగా 'ఇసా' అనే 40 అంశాల స్కేలుతో కొలుస్తారు, 70 మార్కుల నుంచి ఆటిజం కింద లెక్క. ఆ స్కోరు రిపోర్టులో కనిపించాలి. డాక్టరుతో లేనిది రాయించమనడం లేదు, ఉన్నది మొదటి పేజీలో స్పష్టంగా రాయమనండి.

సదరం సర్టిఫికెట్ (వైకల్య శాతం తెలిపే ప్రభుత్వ పత్రం) లేదు కాబట్టి ఏ హక్కూ లేదని మీకెవరో చెప్పారట. తప్పు. కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్న లెక్క ఉచిత విద్య, రిజర్వేషన్ లాంటి వాటికి. వివక్ష చూపకూడదనే సెక్షన్ 3కు గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలనే సెక్షన్ 16కు గానీ శాతంతో పని లేదు. అలాగని సర్టిఫికెట్ వదిలేయకండి. సచివాలయంలోనో మీసేవలోనో అడిగి స్లాటు తీసుకోండి. చేతికొచ్చాక దాని మీద గడువు తేదీ ఉందేమో చూసుకోండి, పిల్లలకు ఒక్కోసారి తాత్కాలికంగానే ఇస్తారు. శాతం పెంచి ఇప్పిస్తానంటూ ఆసుపత్రి బయట తిరిగేవాళ్ల జోలికి వెళ్లారా, సెక్షన్ 91 కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

మీకు కలిసొచ్చే రెండో విషయం బాబు వయసు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూల్లోంచి తీసేయకూడదని దాని సెక్షన్ 16 చెబుతుంది. మీవాడు ఎల్‌కేజీలో ఉండగా ఇది జరిగుంటే ఈ ఆయుధం మీకు ఉండేది కాదు. (అది మైనారిటీ స్కూలైతే 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం విద్యాహక్కు చట్టం వర్తించదు. వికలాంగుల చట్టం మాత్రం వాటినీ వదలదు. గుర్తింపు పత్రంలో ఏముందో ముందు చూడండి.)

ఇప్పుడు అర్థమైందా, సగం ఫీజు ఎందుకు ఇస్తామంటున్నారో? వాళ్లు తీసేస్తే చట్టం అడ్డొస్తుంది, మీరే మానిపిస్తే ఏ చట్టమూ అడ్డురాదు. ఊరికే ఫీజు వెనక్కిచ్చే స్కూలును ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను చూడలేదు. 'సొంత కారణాల వల్ల' అన్న ఆ మూడు మాటల కింద సంతకం పెట్టిన రోజునే మీ కేసు అయిపోతుంది. తర్వాత ఏ అధికారి దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే తీసి చూపిస్తారు. ఫోన్లో ఒత్తిడి చేసినా, 'టీసీ ఇవ్వం' అని బెదిరించినా సంతకం పెట్టొద్దు. ఒకవేళ ఆ స్కూలు బాబుకు నిజంగానే పనికిరాదనుకుంటే మాన్పించండి, అది మీ ఇష్టం. కానీ లెటర్లో నిజం రాయండి: 'సర్దుబాట్లు అడిగాం, చేయలేదు, అందుకే తీసుకెళ్తున్నాం.' కొత్త స్కూల్లో మళ్లీ 'లేవు' అని మాత్రం రాయకండి. రెండేళ్లకు నాకు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

మీ వారు పెట్టిన సంతకం గురించి మరీ బెంగపడకండి. చదువుకునే హక్కు బాబుది, తండ్రి సంతకంతో పోయేది కాదు. చట్టం వద్దన్న పనిని ఒప్పందంతో చేయించుకుంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు. అయితే ఈ మాట ఇప్పుడే చెప్పాలి. ఏ పరిస్థితిలో, ఎవరి ముందు, చదివి వినిపించకుండా ఎలా సంతకం చేయించుకున్నారో రాసి, దాన్ని ఒప్పుకోవడం లేదని లెటర్ పంపండి. ఏడాది ఊరుకుని అప్పుడు లేస్తే ఎవరూ నమ్మరు.

తమ్ముడి సలహా గురించి. బహిరంగంగా, కావాలని అవమానిస్తే వికలాంగుల చట్టం సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉన్న మాట నిజమే. కానీ మీ సాక్షులు ఏడేళ్ల పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు పిల్లల్ని పోలీస్ స్టేషన్‌కు పంపుతారా? ఆ కేసు నిలవకపోతే మిగతా ఫిర్యాదు కూడా కక్షతో పెట్టిందనే ముద్ర పడుతుంది. పైగా ఆ 'ఓకే మేడం' అన్నది కూడా ఆ టీచరే. రేపు మీకు పనికొచ్చే సాక్షిని ఇవాళ ముద్దాయిని చేయకండి.

చేయాల్సింది ఇది. ప్రిన్సిపల్ పేర ఒక అర్జీ రాయండి. బాధలు, నిందలు వద్దు, ఒక్క పేజీ చాలు. 'మా కుమారుడికి ఆటిజం ఉన్నది, రిపోర్టు జతపరిచాము. ఈ విషయం ఫలానా నెలలో తమకు నోటిమాటగా తెలిపాము, ఫలానా తేదీన థెరపిస్టు క్లాస్ టీచరుకు మెసేజ్ ద్వారా తెలిపారు' అని మొదలుపెట్టండి. అడ్మిషన్ ఫారంలో ఎందుకు రాయలేదో కూడా మీరే ఒప్పుకుని రాయండి. వాళ్లు బయటపెట్టేదాకా ఆగితే అది దొంగతనంలా కనిపిస్తుంది. తర్వాత ఏం కావాలో అడగండి: తలుపుకు, బెల్లుకు దూరంగా ముందు బెంచీ, గంటకోసారి ఐదు నిమిషాలు బయటికి వెళ్లొచ్చే వీలు, బెల్లు మోగే ముందు టీచరు చిన్న సైగ, హోంవర్కు డైరీలో రాసివ్వడం, పరీక్షకు కొంచెం అదనపు టైము. ఖర్చు లేనివే ముందు అడగండి. స్కూలు డబ్బుతో షాడో టీచరు (బాబు పక్కనే ఉండి సాయం చేసే మనిషి) కావాలని మొదటి వాక్యంలోనే రాస్తే 'అనుచిత భారం' (స్కూలు మోయలేనంత బరువు) అనే మాట పట్టుకుంటారు, ఎందుకంటే సర్దుబాటుకు ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది. గంటకు ఐదు నిమిషాల విరామం భారమని మాత్రం ఎవరూ వాదించలేరు.

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. మనవాళ్లకు ఇదొక మొహమాటం, అడిగితే మేడం ఏమనుకుంటుందోనని. స్టాంపు వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ వివరం దాచండి.

రెండు వారాల్లో జవాబు రాకపోయినా, వద్దన్నా, ఆ కాపీతో విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద మండల విద్యాధికారి (ఎంఈఓ)కి, జిల్లా విద్యాధికారి (డీఈఓ)కి ఫిర్యాదు చేయండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. తేలకపోతే, తేలింది నచ్చకపోతే అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు. దీంతోపాటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కూ రాయండి. సాక్షుల్ని పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన ఇచ్చేది సిఫార్సే, కానీ దాని మీద ఏం చేశారో సంబంధిత అధికారులు మూడు నెలల్లో చెప్పాలి. వికలాంగుల చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, తర్వాత 50 వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. అధికారులు ఫైలు కదపకపోతే అప్పుడు హైకోర్టులో రిట్. ఇవాళే రిట్ వేస్తానంటే ముందు అర్జీ ఏదీ అని జడ్జిగారు అడుగుతారు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని కూడా రాశారు. దానికి గడువు రెండేళ్లు, ఫీజు బాకీ కోసం సివిల్ దావాకైతే మూడేళ్లు. కానీ చదువు చెప్పడం 'సేవ' కిందికి రాదని జాతీయ కమిషన్ 2020లో చెప్పింది. ఆ దారిలో డబ్బు, టైము పోగొట్టుకోకండి.

అసలు ముంచుకొస్తున్న గడువు చట్టంలోది కాదు, సీసీ కెమెరాలోది. కొరికిన రోజు రికార్డింగు ఇంకా ఉండటం అనుమానమే, పాతది చెరిగి కొత్తది పడుతుంటుంది. అది అప్పుడే అడగాల్సింది, కనీసం ఇప్పుడైనా భద్రపరచమని ఆ అర్జీలోనే ఒక వాక్యం రాయండి. ఇచ్చినా ఇవ్వకపోయినా అడిగినట్టు ఉంటుంది. స్కూలు డైరీలు పాత పేపర్లవాడికి వేయకండి. 'ఈరోజు కూడా కూర్చోలేదు' అని టీచరు రాసిన ప్రతి వరుసా వాళ్లకు తెలుసనడానికి ఆధారమే. స్కూలు గుర్తింపు కాగితాల కాపీ కోసం డీఈఓ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, జవాబుకు 30 రోజులు.

స్కూలు వాళ్లు 'మా దగ్గర స్పెషల్ టీచరు లేరు' అంటారు. ఆటిజం లాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో పదిమందికొక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, పోస్టులు గుర్తించి భర్తీ చేయమని 2025లో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడి ప్రత్యేక టీచరును కలిసి, బాబుకు ఏయే సర్దుబాట్లు అవసరమో ఒక కాగితం మీద రాయించుకోండి. అర్జీకి అది జతచేస్తే, అడిగింది తల్లి గారాబం కాదని తెలుస్తుంది.

చివరగా ఆ వాట్సాప్ మెసేజ్. మెసేజ్ ఉన్నది థెరపిస్టు ఫోన్లో, మీ దగ్గరున్నది స్క్రీన్‌షాట్. ఆవిడను ఇవాళే కలిసి, చాట్ మొత్తం తేదీలతో సహా ఎక్స్‌పోర్ట్ చేయించుకోండి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63 కింద దానికి సర్టిఫికెట్ కావాలి, ఆ ఫోను వాడుతున్నది ఆవిడే కాబట్టి ఆవిడ సంతకం అవసరం. సంక్రాంతికి కొత్త ఫోను కొనుక్కుంటానని ఆవిడ అన్నట్టు కూడా మీరే రాశారు. కొనుక్కోమనండి, పాతది మాత్రం ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొద్దని చెప్పండి.