మాఫీ చేస్తే అలిగిన పేషెంటు: పండక్కి క్లినిక్‌లో ఏమివ్వాలి?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ శివార్లలో పళ్ళ క్లినిక్ పెట్టి రెండేళ్ళయింది, స్టాఫ్ నలుగురు, ఈ సంక్రాంతికి పేషెంట్లకీ స్టాఫ్‌కీ ఏదైనా ఇవ్వాలనుంది, మనిషికి రెండు వందలు అనుకుంటున్నాను, ఏమిస్తే బాగుంటుంది, పేషెంట్లు తెచ్చేవి తీసుకోవచ్చా అని.

నేను డాక్టర్ని కాదండి. మా ఆయన డాక్టరు. తణుకు దగ్గర చిన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా క్లినిక్ నడుపుతున్నాం. లోపల ఆయన, బయట కౌంటర్లో నేను. టోకెన్లు, చిల్లర, బాకీల పుస్తకం అన్నీ నా దగ్గరే. ఊళ్ళోవాళ్ళు 'డాక్టరమ్మగారూ' అని పిలిస్తే మొదట్లో కాదని చెప్పేదాన్ని. ఇప్పుడు పలికేస్తున్నాను. కాబట్టి వైద్యం గురించి కాదు, కౌంటరు గురించి చెప్తాను.

ముందు మేం చేసిన తప్పులు. మొదటి సంక్రాంతికి ఎంతో సరదాగా రెండు వందల అరిసెలు వండించి, రెండేసి చొప్పున పొట్లాలు కట్టించాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది షుగరు, బీపీ మనుషులే. ఒక పెద్దాయన పొట్లం చేతిలో పట్టుకుని, 'లోపల అయ్యగారు తినొద్దన్నారండి, బయట అమ్మగారు తినమంటున్నారు, ఎవరి మాట వినమంటారు?' అన్నాడు. బెంచీల మీద అందరూ నవ్వారు. లోపలి నుంచి మా ఆయన నవ్వు కూడా వినిపించింది, దానికే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. మీరు పళ్ళ డాక్టరు. బెల్లప్పాకం పొట్లాలు మీరు పంచితే జనం ఇంకా గట్టిగా నవ్వుతారు, తెలివైనవాళ్ళు మాత్రం పండగ తర్వాత బేరానికి విత్తనాలు వేస్తున్నారనుకుంటారు.

రెండో తప్పు చిన్నది. మరుసటేడు గుడ్డ సంచుల మీద క్లినిక్ పేరు, ఫోన్ నంబరు అచ్చేయించి ఇచ్చాం. తీసుకున్నారు. వారం తర్వాత మా ఇంటి ముందు చేపలమ్మే ఆవిడ చేతిలో ఆ సంచి కనిపించింది. పనికొచ్చిందన్నమాటే గానీ, అది కానుక కాదు, ప్రకటన. ఆ సంగతి తీసుకున్నవాళ్ళకీ తెలుసు.

మూడోది నిజంగా తప్పు. 2009 సంక్రాంతి. బాకీల పుస్తకంలో అప్పటికి నలభై పేర్ల దాకా ఉన్నాయి, ఎవరివీ పెద్ద మొత్తాలు కావు. పండక్కి అవన్నీ కొట్టేద్దామని మా ఆయన అన్నారు. ఎవరికీ చెప్పకుండా ఊరుకోమన్నా నేను ఊరుకోలేదు. చిన్న చీటీల మీద 'పండగ సందర్భంగా మీ బాకీ మాఫీ' అని రాసి, ఎవరైనా రాగానే చేతికిచ్చి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాను. అందరూ సంతోషించారు, లేదా అలా కనిపించారు. ఒక కౌలు రైతు వచ్చాడు, అరవై దాటిన మనిషి, బీపీ మాత్రల బాకీ ఆరువందల నలభై. చీటీ చదివించుకుని, మడిచి, కౌంటరు మీద నా చేతి పక్కనే పెట్టాడు. 'నేను అడిగానాండి?' అన్నాడు. అంతే. గొంతు పెంచలేదు. బెంచీ మీద ఇంకో ఎనిమిది మంది ఉన్నారు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ ఎనిమిది మంది ముందు నేనేం చేశానో.

ఆయన మళ్ళీ రాలేదు. ఒక నెల, రెండు నెలలు. మాత్రలు అయిపోయి ఉంటాయని మా ఆయనకి టెన్షన్. ఉగాదికి వారం ముందు బండేసుకుని ఆ రైతు ఇంటికెళ్ళారు. అక్కడేం మాట్లాడారో నాకు తర్వాత చెప్పారు. మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, 'బాబాయ్, మా ఆరువందల నలభై ఎప్పుడిస్తావ్?' అన్నారట. ఆ పెద్దాయన ఒక్క క్షణం చూసి, 'దాళ్వా కోతలయ్యాక ఇస్తాలెండి, ఎక్కడికి పోతాను' అన్నాడట. బీపీ చూస్తే బాగా పెరిగి ఉంది. మాత్రలు ఇచ్చి, అవి కూడా పుస్తకంలో రాయిస్తానని చెప్పి వచ్చారు. నిజంగానే రాయించారు. మర్నాడు వచ్చి పేజీ తీయమని నా చేతే రాయించారు.

ఆ తర్వాత మేం ఎవరికీ మాఫీ అని చెప్పలేదు. కట్టలేనివాళ్ళ పేజీ తిప్పకుండా వదిలేస్తాం. వాళ్ళే అడిగితే 'చూసి చెప్తాను' అంటాను. ఎవరైనా ఉన్నదాంట్లో కొంత ఇస్తే అంతే రాసి, మిగతాది 'వచ్చే పంటకి' అంటాను. మీ క్లినిక్‌లో బాకీలు ఎక్కువ ఉండకపోవచ్చు, కానీ రూట్ కెనాల్ సగంలో డబ్బుల్లేక ఆగిపోయినవాళ్ళు తప్పకుండా ఉంటారు. పండగ డిస్కౌంటు అని బోర్డు పెట్టకండి. ఫోన్ చేసి, 'మీ పన్ను సగంలో ఉంది, పండగలోపు వచ్చేయండి, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం' అని చెప్పండి. మీ రెండు వందల కానుక కంటే అది చాలా పెద్దది, పైగా బెంచీ మీద ఎవరూ వినరు.

వస్తువే ఇవ్వాలనుకుంటే, మాకు పనికొచ్చింది ఒకటుంది: ఏడు గదుల మాత్రల డబ్బా. పెద్ద మొత్తంలో కొంటే ఒక్కోటి యాభై లోపే వచ్చింది. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటే మా కాంపౌండరు చిన్న స్టిక్కర్లు అంటించి ఆది, సోమ అని తెలుగులో రాశాడు. చదువురానివాళ్ళకి ఆదివారం గది మీద చుక్క పెట్టి, అక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకోమన్నాం. క్లినిక్ పేరు ఎక్కడా వేయలేదు. ఒక ముసలామె అందులో మాత్రలు కాకుండా వక్కలు, లవంగాలు, సున్నం పెట్టుకుంది. అదీ వాడకమే. మీరైతే మెత్తటి బ్రష్షు, దాంతో పాటు ఒక చిన్న చీటీ ఇవ్వండి: జంతికలు, చెరుకు ముక్కలు కొత్తగా సిమెంటు పెట్టించుకున్న పంటితో కొరకొద్దు, ఇబ్బందైతే పండగ రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలో ఇదిగో నంబరు అని. పండగ మూడు రోజులూ ఫోన్ ఎత్తే డాక్టరు ఉండడమే పేషెంటుకి కానుక.

ఇప్పుడు స్టాఫ్ సంగతి. చట్ట ప్రకారం బోనస్ ఇవ్వాల్సింది ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట్లలోనే కాబట్టి మీకు, మాకు అది వర్తించదు. అయినా మేం పండక్కి సగం నెల జీతం ఇస్తాం, పండక్కి పది రోజుల ముందే ఇస్తాం. భోగి నాడు ఇచ్చే డబ్బు ఎవరికీ పనికిరాదు, అప్పటికే బట్టలు అప్పు చేసి కొనేసి ఉంటారు. చీరలు నేను కొన్నాళ్ళు పెట్టాను. ఒకే రంగు, ఒకే బోర్డరు, నలుగురికీ. మా ఆయా ఒకసారి 'యూనిఫారం ఇచ్చారండి' అని ఎవరితోనో అంటుంటే విన్నాను. అప్పటి నుంచి కవర్లో డబ్బే.

కానీ వాళ్ళకి అసలు కావలసింది సెలవు. మా క్లినిక్ నర్సు కూతురికి పెళ్ళయిన ఏడాది, కొత్త అల్లుడు మొదటి సంక్రాంతికి వస్తున్నాడు. మా గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడు రావడమంటే ఏమిటో మీరు వినే ఉంటారు. నేను ఆమెకి కనుమ రోజు డ్యూటీ వేశాను, తెలియక కాదు, మర్చిపోయి. 'కనుమ నాడు కాకి కూడా కదలదు' అంటారు కదా, ఆ రోజు ఎవరొస్తారులే, కూర్చుంటే చాలు అని చెప్పాను కూడా. ఆమె ఏమీ అనకుండా వచ్చింది. కాకి సంగతేమో గానీ, కోడిపందేల దగ్గర కత్తి గీసుకున్నవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఆమె సాయంత్రం అయిదింటిదాకా కట్లు కడుతూనే ఉంది. అల్లుడికి వడ్డించింది ఆమె చెల్లెలు. ఇప్పటికీ ఆ మాట వస్తే నేను వేరే మాట ఎత్తుతాను.

ఆ మరుసటేడు నుంచి దసరాకే, ఆయుధపూజ నాడు, బీపీ మిషనుకీ కుర్చీకీ బొట్టు పెట్టిన తర్వాత చీట్లు వేస్తాం. భోగి ఎవరు, సంక్రాంతి ఎవరు, కనుమ ఎవరు. ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్ళ పేరు చీట్లలో వేయం. మా ఆయనది తప్పకుండా కనుమ, దానికి చీటీ లేదు.

మీకు ఇది ఇంకా ముఖ్యం. హైదరాబాద్‌లో మీ స్టాఫ్ సొంతూళ్ళకి వెళ్ళాలి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు ముందు 120 రోజులుండేది. అంటే భోగి ప్రయాణానికి నవంబరు రెండో వారంలో టికెట్ దొరకాలి. మీరు డిసెంబరు చివర్లో 'సరే వెళ్ళండి' అంటే వాళ్ళు ప్రైవేటు బస్సుకి మూడింతలు పెట్టి వెళ్ళాలి. దీపావళి అవగానే సెలవులు తేల్చి చెప్పేయండి. మీ రెండు వందల బడ్జెట్‌లో ఒక్క రూపాయి ఖర్చవదు.

పేషెంట్లు తెచ్చేవి తీసుకోవచ్చా అన్నారు. తీసుకోండి. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. మా దగ్గరికి తేగల కట్టలు, గుమ్మడికాయలు, జున్నుపాలు, ఆత్రేయపురం పూతరేకులు వస్తాయి. ఒక భోగి నాడు కాళ్ళు కట్టిన కోడిపుంజు వచ్చింది, బెంచీ కింద పెట్టి వెళ్ళాడు ఎవరో. పది టోకెన్లు అయ్యేదాకా అది కూస్తూనే ఉంది, మా ఆయనకి స్టెతస్కోపులో గుండె కాకుండా అదే వినిపించిందట. మేం పెట్టుకున్న కట్టుబాట్లు రెండే. డబ్బు, బంగారం తీసుకోం. ఏం తెచ్చినా నా కౌంటరు దగ్గరే ఆగాలి, లోపలికి పోకూడదు. ఎవరు ఏం తెచ్చారో సాయంత్రం దాకా ఆయనకి చెప్పను. తేగలిచ్చిన మనిషి టోకెను పన్నెండైతే పన్నెండే. సాయంత్రం అన్నీ అయిదు వాటాలు వేసి స్టాఫంతా పట్టుకెళ్తాం.

మందుల కంపెనీలది వేరే సంగతి. డాక్టర్లు వాళ్ళ దగ్గర కానుకలు తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే వైద్య మండలి నియమాల్లో చేర్చారు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి కంపెనీల వైపు నుంచి అదే చెప్పింది, డాక్టరుకే కాదు, ఇంట్లోవాళ్ళకీ ఇవ్వకూడదని. అంటే నాకు కూడా. కంపెనీ తరఫున వచ్చిన రెప్ మీద విసుక్కోకండి, పాపం టార్గెట్ల మధ్య పండక్కి ఇంటికి వెళ్ళలేని కుర్రాళ్ళు వాళ్ళు. డబ్బా వద్దని చెప్పి, కాఫీ ఇచ్చి, మా ఇంట్లో వండిన అరిసెలు రెండు చేతిలో పెడతాను. షుగరు లేనివాళ్ళు దొరికితే నాకు ఇప్పటికీ సరదానే.

క్లినిక్ తరఫున బయటివాళ్ళకి ఏదైనా చేయాలని ఉంటే అన్నదానం, దుప్పట్లు లాంటివి అందరూ చేస్తారు. టీబీ రోగులకు తిండి సాయం చేసేవాళ్ళని ప్రభుత్వ పథకంలో నిక్షయ్ మిత్ర అంటారు. మేం 2023 నుంచి అలా చేరి ఇద్దరు రోగులకు నెలనెలా సరుకులు ఇస్తున్నాం: బియ్యం, పప్పులు, నూనె, పాలపొడి, గుడ్లు. కనీసం ఆరు నెలలు ఇవ్వాలి. టీబీ రోగికి మాత్రలతో పాటు తిండి అంతే ముఖ్యం. జార్ఖండ్‌లో చేసిన అధ్యయనం 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చింది. ఇంటిల్లిపాదికీ సరుకులిస్తే, ఆ ఇంట్లో మిగతావాళ్ళకి టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందట. ఇదీ మా ఆయన చెప్పగా విన్నదే, కానీ సంచులు కట్టేది నేను. ఇచ్చేటప్పుడు ఫోటో తీయం, ఇంటికి తీసుకెళ్ళం. వాళ్ళు మామూలు టోకెన్ తీసుకుని కూర్చుంటారు, వెళ్ళేటప్పుడు మందుల సంచితో పాటు ఇంకో సంచి. పక్కింటివాళ్ళకి జబ్బు పేరు తెలియనివ్వకూడదు.

ఆ కౌలు రైతు సంగతి చెప్పడం మర్చిపోయాను. 2010 సంక్రాంతికి ముందు రోజు వచ్చాడు, ఒక భుజాన కొత్త బియ్యం మూట, రెండో చేతిలో వరి కంకుల కుచ్చు. కుచ్చు తనే మా వరండా దూలానికి కట్టాడు, పిచ్చుకలకి. మూట కౌంటరు మీద పెట్టి పుస్తకం తీయమన్నాడు. బాకీ అప్పటికి తొమ్మిది వందలు దాటింది. 'రెండు కుంచాలండి. చెల్లు అని రాయండి' అన్నాడు. రాశాను. రాసింది చదివి వినిపించమన్నాడు. వినిపించాను. బెంచీ మీద ఆ రోజు కూడా ఏడెనిమిది మంది ఉన్నారు.