చిన్న కారు: మైలేజీ, తుప్పు

హన్మకొండలో చిన్న పెట్రోల్ కారుకు మైలేజీ పెరగాలన్నా, తుప్పు పట్టకూడదన్నా ఏం చేయాలని అడిగారు.

హైదరాబాద్ హైవేపై 70–80 దాటకండి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, పెట్రోల్ అక్కడే పోతుంది. కాజీపేట వైపు ట్రాఫిక్‌లో ముందు బండ్లు ఆగుతుంటే, గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేయండి. టైర్లలో గాలి తగ్గనివ్వకండి.

ఇక తుప్పు. మనకు సముద్రపు ఉప్పుగాలి లేదు కానీ వానాకాలం బురద ఉంది. చక్రాల పైన, రేకు మడత లోపల ఇరుక్కున్న మట్టి రోజుల తరబడి తడిని పట్టి ఉంచుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పైపు పెట్టి కడగండి. తలుపు కింది అంచున చిన్న రంధ్రాలుంటాయి, తప్పకుండా చూడండి. అవి మూసుకుపోతే అద్దం సందులోంచి దిగిన నీళ్లు లోపలే నిలుస్తాయి. సన్నని పుల్లతో మట్టి తీస్తే చాలు. తడి కారుకు మాత్రం కవర్ కప్పకండి.