వైకుంఠ ఏకాదశికి సైట్ పడిపోతోందా?

తమ్ముడూ, తిరుపతి లాడ్జీల వివరాలిచ్చే నీ వర్డ్‌ప్రెస్ సైట్ ఏడాదంతా బాగానే నడిచి, వైకుంఠ ఏకాదశి వారంలో మాత్రం 503 ఎర్రర్ (సర్వర్ ఇప్పుడు జవాబివ్వలేదని అర్థం) చూపిస్తోందన్నావు. పెద్ద సర్వర్ తీసుకోవాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు.

ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఒక్కో ఖాతాకు ఒకేసారి ఇన్ని ప్రాసెస్‌లే (సర్వర్‌లో నడిచే పనులు) అని పరిమితి ఉంటుంది. పండగ రద్దీకి అది దాటినప్పుడే ఈ తంటా. నీ పేజీలు చాలావరకు ఎవరు చూసినా ఒకటే కదా, ప్రతిసారీ డేటాబేస్‌ను కదిలించడం దేనికి? ముందు పేజ్ క్యాష్ పెట్టు, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపించడం. ఫొటోలను తన సర్వర్ల నుంచి అందించే క్లౌడ్‌ఫ్లేర్ సేవ ఉచిత ప్లాన్ చాలు. బుకింగ్ పేజీని మాత్రం క్యాష్ చెయ్యొద్దు. నేనోసారి చేసి, ఒకరి వివరాలు ఇంకొకరికి చూపించాను. ఆ రోజు వచ్చిన ఫోన్లు ఇంకా గుర్తున్నాయి.

అప్పటికీ చాలకపోతే 2 కోర్లు, 4 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్‌కు (నీకంటూ కొంత వాటా కేటాయించిన వర్చువల్ సర్వర్) మారు. సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉండేలా చూసుకో. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌కు 2022 నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ (సర్వర్ కేంద్రాల సముదాయం) ఉంది. నీ సైట్ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కు ఒకేసారి ఉండే కనెక్షన్ల పరిమితి మామూలుగా 151. దాన్ని పెంచేముందు స్లో క్వెరీ లాగ్ (డేటాబేస్‌లో ఆలస్యమైన ప్రశ్నల జాబితా) చూడు, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) లేని టేబుల్ ఏదో ఒకటి బయటపడుతుంది. లోడ్ బ్యాలెన్సర్ (వచ్చేవాళ్లను సర్వర్ల మధ్య పంచేది), మూడు సర్వర్లు అంటావా, ఇప్పుడు నీకది ఏనుగును మేపడమే.

కొత్త సర్వర్‌కు మారే ముందు రోజే డీఎన్ఎస్ టీటీఎల్‌ను (నీ సైట్ చిరునామాను మిగతా కంప్యూటర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించు. పండగ వారంలో మాత్రం సర్వర్ జోలికి పోవద్దు.