మాటిచ్చే ముందు పంటు టైము చూసుకో

అమ్ములూ,

నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. కాకినాడలో పబ్లిక్ హెల్త్ పీజీ, ఫీల్డ్ పోస్టింగులు, వచ్చే నెల ఇంటర్నల్స్, థీసిస్. ఇవన్నీ ఉండగా ప్రతి ఆదివారం గోదారి దాటి బీపీ, షుగరు చూసే క్యాంపు. "మానేయనా అత్తా?" అన్నావు. మానొద్దు, తగ్గించుకో.

క్యాంపు రెండు గంటలే అంటున్నావు కదా, దారి కూడా లెక్కెయ్యి. కోటిపల్లి దాకా బస్సు, రేవులో గోదారి దాటించే పడవ, అదే పంటు, కోసం ఎదురుచూపులు, ముక్తేశ్వరంలో దిగాక ఆటో, మళ్ళీ అదే దారిన వెనక్కి. పొద్దున్నే వెళ్ళినదానివి దీపాలు పెట్టాక హాస్టల్‌కి చేరుతున్నావు. వారంలో చదువుకోడానికి మిగిలిన ఒక్క రోజూ అలాగే పోతోంది. నెలకి ఒక ఆదివారం నువ్వు వెళ్ళు, మిగతావి మీ బ్యాచ్ వాళ్ళు పంచుకోండి.

1996 నవంబరు తుఫానప్పుడు నేనూ పీజీ చేస్తున్నాను. కోనసీమలో కొబ్బరితోటలన్నీ నేలకొరిగాయి. రిలీఫ్‌కి వెళ్ళిన ఊళ్ళో ఒక మామ్మకి రేకు తగిలి పాదం తెగింది. కట్టు కట్టి, "ఎల్లుండి వచ్చి మారుస్తాను మామ్మా" అన్నాను. ఎల్లుండి నాకు పరీక్ష. వెళ్ళలేదు, రాలేనని ఎవరితోనూ చెప్పలేదు కూడా. ఎనిమిదో రోజు వెళ్తే అదే కట్టు. గాజుగుడ్డ నల్లబడి, చీముతో చర్మానికి అతుక్కుపోయింది. ఊళ్ళో నర్సమ్మ విప్పుతానన్నా ఒప్పుకోలేదట. "నువ్వొస్తానన్నావు కదమ్మా" అంది. సెలైన్‌తో కొంచెం కొంచెం తడుపుతూ ఆ గుడ్డ ఊడదీయడానికి అరగంట పట్టింది. అంతసేపూ పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది తప్ప నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పాదం నాకింకా కళ్ళ ముందే ఉంది.

అందుకే చెప్తున్నాను. నువ్వు రాలేని రోజు ఎవరొస్తారో తేల్చుకున్నాకే ఎవరికైనా మాటివ్వు. పేరు, రీడింగు, వాడే మాత్ర, పీహెచ్‌సీకి ఎవరిని పంపారు, వాళ్ళు వెళ్ళారా లేదా, ఇవన్నీ రిజిస్టర్లో వేరేవాళ్ళకి అర్థమయ్యేలా రాయి. రిజిస్టరు ఆ ఊరి ఆశా కార్యకర్త దగ్గరే ఉంచు.

అక్కడున్న కాసేపూ పని శ్రద్ధగా చెయ్యి. ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే బీపీ చూడకు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడు. రెండుసార్లు చూడు. యాభై మందిని చూశామని ఫొటో దిగడం కన్నా ఇరవై మందిని సరిగ్గా చూడటం మేలు.

ఇంకోటి, ఆ రిజిస్టరు అంకెలు థీసిస్‌కి వాడేద్దామనుకోకు. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ మనుషుల సమ్మతి, ఆ తర్వాతే డేటా. కావాలంటే మీ గైడ్‌తో ఇప్పుడే మాట్లాడు.

వరదలప్పుడు సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే సొంతంగా బయల్దేరకు. ప్రభుత్వ వైద్య బృందంతో అయితేనే వెళ్ళు.

ఈ ఆదివారం మాత్రం వెళ్ళకు. శుక్రవారంలోగా ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి ఎవరొస్తున్నారో చెప్పు. ఇన్సులిన్ వేసుకుంటున్న ఆ తాతగారికి నువ్వే ఫోన్ చేసి చెప్పు, నీ కోసం ఎదురుచూస్తాడు.

మీ అత్త