అడగండి, చెబుతాం: శాండ్‌విచ్‌లోకి ఏ సాసేజ్?

ప్రశ్న: పిల్లల బాక్సు కోసం ఫ్రోజెన్ చికెన్ సాసేజ్‌లు తెస్తున్నాను. నూనెలో వేయగానే పైపొర పగిలి నల్లబడుతోంది, లోపల చల్లగానే ఉంటోంది. బ్రెడ్డేమో మధ్యాహ్నానికి ముద్దయిపోతోంది. ఏ రకం కొనమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రకం మార్చే ముందు వండే తీరు మార్చి చూడండి. మన సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో ఉండే చికెన్ సాసేజ్‌లు చాలావరకు ముందే ఉడికించినవి. ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఉంటే మీకు మిగిలిన పని వేడి చేయడమే. గడ్డకట్టినదాన్ని కాగిన నూనెలో వేస్తే లోపలి మంచు కరిగేలోపే పైపొర బిగుసుకుపోతుంది. లోపలి నీరు ఆవిరై దారి దొరక్క పొరను చీల్చుకుని వస్తుంది.

రాత్రే ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. పొద్దున పెనంలో నాలుగు సాసేజ్‌లకు మూడు, నాలుగు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద ఐదు నిమిషాలు ఉంచండి. నీళ్లు ఇంకిపోయాక అర చెంచా నూనె వేసి రెండు నిమిషాలు దొర్లించండి. ఫోర్కుతో పొడవకండి, ఉన్న కాస్త కొవ్వూ కారిపోయి పిప్పి మిగులుతుంది. తర్వాత నిలువునా రెండుగా చీల్చి, కోసిన వైపు పెనానికి ఆనేలా ఒక్క నిమిషం ఉంచండి. పలకల బ్రెడ్డుకు ఈ చీలికలే సరి, కదలకుండా కూర్చుంటాయి. చక్రాల్లా తరిగితే కొరికిన ప్రతిసారీ ఒకటి జారి ఒళ్లో పడుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలకైతే చక్రాలు అసలు వద్దు, గొంతుకు అడ్డం పడే ఆకారం అది. నిలువునా నాలుగు చీలికలు చేసి, వాటిని చిన్న ముక్కలుగా కోసి పెట్టండి.

ఇక కొనడం. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు వస్తుంది. చికెన్ మొదట ఉండాలి, పక్కన శాతం రాసి ఉంటే మరీ మంచిది. ఆ వెంటనే నీళ్లు, స్టార్చ్, సోయా ప్రొటీన్ వరసకట్టి ఉంటే రబ్బరులా సాగేది అదే. చీజ్ నింపినవి బాక్సుకు వద్దు. వేడి మీద చీజ్ కారిపోతుంది, చల్లారితే మైనమవుతుంది.

బ్రెడ్డు ముద్దవడానికి కారణం ఆవిరి. సాసేజ్‌ను పళ్లెంలో పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. రెండు పలకలకూ అంచుల దాకా వెన్న రాయండి, తడి లోపలికి దిగదు. సాస్ బ్రెడ్డుకు కాదు, సాసేజ్ మీద వేయాలి. టమాటా విడిగా పంపండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఐస్ ప్యాక్ పెట్టే బ్యాగు లేకపోతే ఇది బాక్సులోకి పనికొచ్చేది కాదు, పొద్దున ఇంట్లో తినిపించాల్సిన టిఫిను.

ప్రశ్న: మా అత్తమామలు ఇక్కడికి వచ్చారు. కోడి తింటారు, గొడ్డుమాంసం, పంది ముట్టరు. చికెన్ సాసేజ్ అని రాసి ఉంటే చాలా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: చాలదు. లోపల కోడి ఉన్నా, పైపొర (కేసింగ్) పంది పేగు కావచ్చు. అమెరికాలో లోపలి మాంసం ఒక జంతువుది, పేగు మరొకదానిది అయితే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి. కాబట్టి ‘పోర్క్ కేసింగ్’, ‘హాగ్ కేసింగ్’ అన్న మాటల కోసం వెతకండి. ‘కొలాజెన్ కేసింగ్’ అని ఉంటే అది ఎక్కువగా గొడ్డు చర్మం నుంచి తీసింది. ‘స్కిన్‌లెస్’ అన్నవి మీకు సులువు. హలాల్ ముద్ర ఉంటే పంది అనుమానం తీరుతుంది గానీ గొడ్డు అనుమానం తీరదు.

ఇక రుచి సంగతి. మన నాలుకకు త్వరగా పట్టేది ఇటాలియన్ రకం, చికెన్‌లో కూడా వస్తుంది. అందులో సోపు గింజలుంటాయి. ‘స్వీట్’ అని రాసి ఉంటే బెల్లంలా తియ్యగా ఉంటుందని కాదు, కారం లేదని అర్థం. కారం కావాలంటే ‘హాట్’ తీసుకోండి. పచ్చిదైతే మధ్యలో 165 ఫారెన్‌హీట్ వచ్చేదాకా కాలాలి. నిలువుగా తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికం అదే పెనంలో మెత్తబడేదాకా వేయించి పొడుగు రోల్‌లో పెట్టండి. పలకల బ్రెడ్డు ఆ రసానికి ఆగదు.

ప్రశ్న: జర్మనీకి కొత్త. ఇక్కడ వుర్స్ట్ (సాసేజ్) పేర్లు చూస్తే తల తిరుగుతోంది. బ్రెడ్డులో పెట్టుకునేవి ఏవి?
– ఒక విద్యార్థి, ఎర్లాంగెన్

జవాబు: మీ పక్క ఊరే న్యూరెంబర్గ్, అక్కడి నుంచే మొదలుపెట్టండి. అక్కడి బ్రాట్‌వుర్స్ట్ 7–9 సెంటీమీటర్ల పొడవు, 20–25 గ్రాముల బరువు, అంటే చిటికెన వేలంత. అందుకే ఒక గుండ్రటి రోల్‌లో మూడు పెడతారు. ‘డ్రై ఇమ్ వెగ్లా’ అని అడిగితే అదే ఇస్తారు, పైన ఆవముద్ద. ట్యూరింగెన్ రకం 15–20 సెంటీమీటర్లుంటుంది. రోల్‌కు అటూ ఇటూ బయటికి పొడుచుకు వస్తుంది, అలాగే ఉండాలి కూడా. వీనర్ ముందే ఉడికి, పొగ పట్టినది. దాన్ని మరిగించకండి, పగులుతుంది. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, అందులో ఎనిమిది, పది నిమిషాలు ఉంచితే చాలు. వైస్‌వుర్స్ట్ మాత్రం రోల్‌లోకి కాదు. దాని తోలు వదిలేసి, లోపలిది తియ్యటి ఆవముద్దతో తింటారు. పక్కన ప్రెట్జెల్. ఇవి ఎక్కువగా పందివే, వైస్‌వుర్స్ట్‌లో దూడమాంసం కూడా ఉంటుంది. తినని వాళ్లు ముందే అడగాలి.

ప్రశ్న: గోవా నుంచి పూసల దండలా కట్టిన సాసేజ్ తెచ్చాం. సలామీలా కోసి బ్రెడ్డులో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దు, అది పచ్చి పందిమాంసం. ఉప్పు, వెనిగర్, ఎండుమిర్చి, వెల్లుల్లి పట్టించి ఆరబెట్టడం వల్ల నిలవుంటుంది గానీ ఉడికినట్టు కాదు. పావు కిలో తీసుకుని దారాలు తెంపి, పొర ఒలిచేయండి. ఒక కప్పు నీళ్లతో మూత పెట్టి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉడకనివ్వండి. నీరు ఇగిరి ఎర్రటి నూనె అంచుల్లో తేలగానే రెండు పెద్ద ఉల్లిపాయలు పెద్ద ముక్కలుగా వేయండి. నూనె, ఉప్పు, కారం ఏవీ కలపకండి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇది నాలుగైదు పావ్‌లకు సరిపోతుంది. పావ్‌ను వెన్న రాయకుండా చీల్చి కూరండి, ఆ ఎర్రనూనె పీల్చుకోవడమే దాని పని. పుల్లదనం మరీ ఎక్కువనిపిస్తే ఉడికేటప్పుడు ఒక బంగాళాదుంప ముక్కలు చేసి వేయండి.

ప్రశ్న: ఎంతసేపు వేయించినా లోపల గులాబీ రంగు పోవడం లేదు. ఉడకలేదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 250 అని ఉందేమో చూడండి. అది సోడియం నైట్రైట్, మాంసం నిలవ ఉండటానికి కలిపేది. అది కలిసిన మాంసం ఎంత ఉడికినా గులాబీగానే ఉంటుంది. అది లేని పచ్చి సాసేజ్‌కు కూడా రంగు నమ్మకం కాదు. వంట థర్మామీటర్‌ను కొసనుంచి నిలువుగా గుచ్చండి. కోడి అయితే 74, పంది అయితే 71 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే దించేయండి.