చిన్నాకు, మార్కులు వేసే ముందు

ఒరేయ్ చిన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లూవెన్‌లో నీ స్నేహితులు వచ్చే శనివారం ముదురు రంగు స్ట్రాంగ్ ఏల్‌లు (మద్యం ఎక్కువున్న బెల్జియం బీర్లు) నాలుగు పెట్టుకుని రుచి చూసి మార్కులు వేస్తారని, అందరూ గబగబా అంకెలు రాసేస్తుంటే నీకు టెన్షన్‌గా ఉందని రాశావు. పదిహేనేళ్లుగా ఇదే బెల్జియంలో, గెంట్‌లో ఉంటూ ఈ బీర్లను శ్రద్ధగా తాగుతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. అంకె చివర్న వేయి. ముందు మాటలు రాసుకో.

ఎందుకంటే ఈ బీరు గ్లాసులో మారుతుంది. నేను మొదటిసారి రోష్‌ఫోర్ 10 అనే బీరు తాగినప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోశాను. చల్లగా, కాస్త చేదుగా, బరువుగా అనిపించింది. యాభైకి ముప్ఫై ఒకటి వేశాను. అంతలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, మీ అమ్మమ్మతో అరగంట మాట్లాడాను. తిరిగొచ్చి మిగిలిన సగం నోట్లో పోసుకుంటే ఎండు ఖర్జూరం, లవంగం, బాగా మగ్గిన అరటిపండు, వెనకాల పాకం కాచేటప్పటి వాసన. అదే సీసా, అదే గ్లాసు. నా ముప్ఫై ఒకటి తప్పు. అప్పటి నుంచి సీసాను తాగడానికి అరగంట ముందే బయట పెడతాను. పది నుంచి పద్నాలుగు డిగ్రీలు దీనికి సరైన చల్లదనం. మొదటి గుక్కకి, ఇరవై నిమిషాల తర్వాతి గుక్కకి విడివిడిగా రాసుకో.

ఇక నాలుక సంగతి. ఆ రోజు మధ్యాహ్నం ఆవకాయ, వెల్లుల్లి కారం ముట్టుకోకు. సెంటు పూసుకోకు. ఉత్త బ్రెడ్డు, మంచినీళ్లు పక్కన పెట్టుకో. గ్లాసు సబ్బు వాసన పోయేదాకా కడిగి నీళ్లతో జాడించు, జిడ్డు ఉంటే నురగ నిలవదు. వెడల్పాటి మూతి, కింద కాడ ఉన్న గ్లాసు మంచిది. సీసాను నిలువుగా పెట్టి ఉంచు, పోసేటప్పుడు కుదపకుండా వంచు. అడుగున ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) మడ్డి ఉంటుంది, చివరి వేలెడు సీసాలోనే వదిలేసి, తర్వాత విడిగా కొంచెం రుచి చూడు. ఈ బీర్లు సీసాలో కూడా పులుస్తాయి. ఆ సన్నటి బుడగలు అలా పుట్టినవే.

ఈ రకంలో కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది రంగు దగ్గర. నల్లగా ఉంది కాబట్టి కాఫీలా, మాడిన వాసనతో ఉంటుందనుకుంటారు. అలా ఉండకూడదు. ఇక్కడి ముదురు రంగుకు కారణం ఎక్కువగా కాచి ముదరబెట్టిన చక్కెర పాకం, దాన్ని క్యాండీ సిరప్ అంటారు. దానికి తోడు కొంచెం ముదురు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), అందులోంచి ఎండుద్రాక్ష రుచి వస్తుంది. చక్కెరలో చాలా భాగాన్ని ఈస్ట్ తినేస్తుంది. అందుకే వాసనకు తియ్యగా అనిపించినా గొంతులోంచి పొడిగా దిగుతుంది. జిగురుగా, బెల్లం పానకంలా మిగిలిందంటే పులియడం పూర్తి కాలేదని అనుమానించు. అరటిపండు, లవంగం ఈస్ట్ చేసిన పని, ఎవరూ పళ్లు, సుగంధాలు వేయనక్కర్లేదు. మద్యం వెచ్చగా తగలాలి, మంట పెట్టకూడదు. గోళ్ల రంగు వాసన వస్తే అది లోపమే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడింది. వెన్న వాసన దట్టంగా వచ్చినా మార్కులు తగ్గించాలి.

పేర్లకు ఇక్కడివాళ్ల మాటలే వాడాలని లేదు. నీకు తాటిబెల్లం గుర్తొస్తే తాటిబెల్లం అని రాయి. పుస్తకంలో చదివిన పండు పేరు రాయడం కన్నా మన ఇంట్లో ముక్కుకు తెలిసిన వాసన రాయడమే నిజాయితీ. నేను అలాగే నేర్చుకున్నాను, ఇప్పటికీ నా నోటు పుస్తకంలో సగం మాటలు మీ అమ్మమ్మ వంటింటివే.

మార్కులకు బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలకు పరీక్షలు పెట్టే సంస్థ) పట్టిక వాడితే యాభైకి ఇలా ఉంటుంది: వాసనకు 12, చూపుకు (కంటికి కనిపించే తీరుకు) 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. చూపుకు మూడే ఎందుకో గమనించు. అందమైన నురగకు మురిసిపోయి మార్కులు ఎక్కించకు. రుచి ఇరవైలో లోపానికి ఎంత తగ్గించావో పక్కనే ఒక మాట రాయి. ఒకదానికి 45 పైన వేయాలంటే అంతకన్నా మెరుగైనది ఊహించడం కష్టమనిపించాలి.

అన్నిటికన్నా కష్టమైంది పేరును మరిచిపోవడం. వెస్ట్‌వ్లెటెరెన్ 12 అనే బీరు గురించి ప్రపంచమంతా ‘అన్నిటికన్నా గొప్పది’ అంటుంది. దాన్ని సెయింట్ సిక్స్‌టస్ మఠంలో సన్యాసులు కొద్దిగానే కాస్తారు, దొరకడమూ కష్టమే. ఆ మఠానికి దగ్గర్లోనే వాటు ఊళ్లో సెయింట్ బెర్నార్డస్ అనే బీరు తయారీ సంస్థ ఉంది. 1946 నుంచి 1992 దాకా ఆ మఠం బీరును లైసెన్సు మీద కాచింది వాళ్లే. వాళ్ల ఆప్ట్ 12, మఠంవాళ్ల వెస్ట్‌వ్లెటెరెన్ 12 ఒకే ఇంటి బిడ్డల్లాంటివి. ఒకసారి నా స్నేహితుడి చేత రెండూ ఏది ఏదో చెప్పకుండా పోయించుకున్నాను. ఎక్కువ మార్కులు ఆప్ట్‌కే వేశాను. అలాగని ఆప్ట్ గొప్పదని చెప్పను. ఆ రోజు ఆ సీసా గొప్పగా ఉంది, అంతే. కాబట్టి మీరు నలుగురూ పేర్లు దాచి పోసుకోండి. సీసా మీద ట్రాపిస్ట్ (ఒక క్రైస్తవ సన్యాసుల శాఖ) గుర్తు చూసి కూడా మార్కులు వేయకు. మఠం గోడల లోపల, సన్యాసుల పర్యవేక్షణలో, లాభం మఠానికీ సేవకూ వెళ్లేలా తయారైందని ఆ గుర్తు చెబుతుంది, రుచి గురించి కాదు.

ఒక్క గట్టి మాట. రోష్‌ఫోర్ 10లో మద్యం 11.3 శాతం. 330 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే అదే కొలత మామూలు బీరు రెండు సీసాల కన్నా ఎక్కువే. ఆప్ట్ 12 పది శాతం, షిమే అనే బీరులో నీలం లేబుల్ రకం తొమ్మిది. అందుకని తక్కువ శాతంది ముందు, రోష్‌ఫోర్ చివర్న. ఒక్కొక్కరికీ నాలుగు గుక్కలు చాలు, సీసాను నలుగురూ పంచుకోండి. భోంచేసి కూర్చో. సైకిల్ మీద కూడా తిరిగి రావద్దు, బస్సు ఎక్కు. మీ అమ్మకు నేను మాట ఇచ్చాను.

షిమే లేబుల్ మీద సంవత్సరం ఉంటే చూడు. రెండు మూడేళ్లు చీకట్లో దాచినది దొరికితే కొత్తదానితో పక్కపక్కన పెట్టి తాగు. అరటిపండు తగ్గి, ఎండు పళ్లు ముందుకొచ్చి ఉంటాయి.

ఆదివారం ఫోన్ చెయ్యి. అంకెలు చెప్పకుండా, ముందు నువ్వు రాసుకున్న మాటలు చదివి వినిపించు. ఏ బీరో నేను చెబుతాను.

మీ మామయ్య