ఎన్‌బీఏకి వెళ్తానంటున్న బాబుని ఇంటర్‌లో ఏం చదివించాలి?

ప్రశ్న: మాది విజయవాడ. మా అబ్బాయికి పదిహేనేళ్లు, ఈ మధ్యే పదో తరగతి పరీక్షలు రాశాడు. ఆరడుగుల రెండంగుళాలున్నాడు. బాస్కెట్‌బాల్‌లో జిల్లా జట్టుకి ఆడాడు, రాష్ట్ర అండర్-17 సెలక్షన్స్ దాకా వెళ్లాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాడు ఏడాదికి నాలుగైదు వందల కోట్లు సంపాదిస్తాడట, ఇంటర్ వద్దు, బాస్కెట్‌బాల్ ఒక్కటే చాలంటున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఏడాదికి 40 లక్షలు కడితే అమెరికా అకాడమీలో చేర్పించి కాలేజీ స్కాలర్‌షిప్ గ్యారంటీగా ఇప్పిస్తామంటున్నారు. పొలం అమ్మితే తప్ప అంత డబ్బు రాదు. ఏం చేయమంటారు?

సమాధానం: పొలం అమ్మకండి. బాబు ఆట కూడా మాన్పించకండి. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే మిగతాది మీరు కాస్త నిదానంగా చదువుతారని నా ఆశ.

బాబు చెప్పిన అంకె అబద్ధం కాదు. 2024-25 సీజన్‌కి స్టెఫెన్ కర్రీ జీతం సుమారు 5.57 కోట్ల డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 470 కోట్ల పైమాటే. అయితే అది ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ జీతం. బాబుకి చూపించాల్సింది కింది మెట్టు. అదే సీజన్‌లో కొత్త కుర్రాడికి కనీస జీతం 11.57 లక్షల డాలర్లు, అంటే 9.8 కోట్లు. ఎన్‌బీఏ జట్టుకీ దాని కింది జట్టుకీ మధ్య తిరిగే 'టూ-వే' ఆటగాడికి అందులో సగం. కింది లీగ్ అయిన జీ లీగ్‌లో సీజన్ మొత్తానికి 43 వేల డాలర్లు, అంటే 36 లక్షల చిల్లర. కన్సల్టెన్సీ మిమ్మల్ని ఏడాదికి అడుగుతున్నది ఇంతకంటే ఎక్కువ. ఈ ఒక్క లెక్క ఇంట్లో అందరూ కూర్చుని చూడండి.

ఆ 9.8 కోట్లయినా చేతికి అంతా రాదు. అమెరికా కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) ఆదాయపు పన్ను పై శ్లాబు 37 శాతం. కాలిఫోర్నియా జట్టయితే రాష్ట్ర పన్ను అదనం. టెక్సస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ, వేరే రాష్ట్రానికి వెళ్లి ఆడిన మ్యాచ్‌లకు ఆ రాష్ట్రం తన వాటా అడుగుతుంది. జీతంలో 10 శాతం లీగ్ ముందే పట్టి ఉంచుతుంది. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య ఆదాయ పంపకం లెక్క తేలాకే అందులో ఎంత వెనక్కి వస్తుందో తెలుస్తుంది. ఏజెంటు కమీషన్ వేరే. ఇవన్నీ పోగా సుమారు సగం మిగులుతుందనుకోండి. సగమైనా పెద్ద మొత్తమే, కాదనను. కానీ అది ఎన్నేళ్లు వస్తుంది? ఏటా జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 'డ్రాఫ్ట్'లో, మొదటి రౌండ్‌లో ఎంపికైన వాళ్లకు తొలి రెండేళ్ల జీతానికి గ్యారంటీ ఉంటుంది. రెండో రౌండ్ వాళ్లకు అసలు కాంట్రాక్ట్ దొరుకుతుందన్న హామీయే లేదు. మోకాలి లిగమెంట్ ఒక్కసారి తెగితే ఏడాది పోతుంది.

ఇక పోటీ. ముప్పై జట్లు, జట్టుకి 15 మంది, పైన ముగ్గురేసి టూ-వే వాళ్లు. అంటే ప్రపంచం మొత్తానికి 540 ఉద్యోగాలు. ఏటా డ్రాఫ్ట్‌లో కొత్తగా ఎంపికయ్యేది అరవై మంది లోపే.

మన దేశం నుంచి ఆ అరవై మందిలో ఒకడిగా నిలిచినవాడు సత్నాం సింగ్. బాబుకి అతని పేరు తెలిసే ఉంటుంది, కథ పూర్తిగా తెలుసో లేదో. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరు, రైతు కుటుంబం, ఏడడుగుల రెండంగుళాల ఎత్తు. లూధియానా అకాడమీలో ఆట నేర్చుకున్నాడు. 2010లో, పద్నాలుగేళ్ల వయసులో, ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి: అతను వెళ్లింది స్కాలర్‌షిప్ మీద. తండ్రి పొలం అమ్మి పంపలేదు. ఇంగ్లిష్ రాక, చదువు అర్హతలు కుదరక అమెరికన్ కాలేజీ జట్టులో చేరే వీలు లేకపోయింది. నేరుగా 2015 డ్రాఫ్ట్‌కి వెళ్తే డాలస్ మావరిక్స్ 52వ ఆటగాడిగా ఎంచుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. రెండు సీజన్లు కింది లీగ్‌లో టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. తర్వాత కెనడాలో ఆడాడు, డోపింగ్ పరీక్షలో దొరికి రెండేళ్ల నిషేధం ఎదుర్కొన్నాడు, ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లర్ అయ్యాడు.

అతను ఓడిపోయాడని ఈ కథ చెప్పడం లేదు. ఒక పల్లె నుంచి అక్కడిదాకా వెళ్లడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. నాకు బాధ కలిగించేది కాలేజీ తలుపు మూసుకుపోవడం. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి నాలుగేళ్లు రోజూ మంచి కోచ్ కింద ఆడే చోటు అది. అది చదువు దగ్గర ఆగిపోయింది. మీ అబ్బాయి 'ఇంటర్ వద్దు' అంటున్నాడు కదా, సరిగ్గా ఆ తలుపే తన చేత్తో వేసుకుంటున్నాడు.

అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ నిబంధనలు చూడండి. అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్-1లో ఆడాలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మొత్తం 16 కోర్ సబ్జెక్టులు ఉండాలి. ఒక సబ్జెక్టు ఏడాది చదివితే ఒకటి కింద లెక్క. ఇంగ్లిష్ నాలుగేళ్లు, మ్యాథ్స్ మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ రెండేళ్లు, మిగతావి అదనపు సబ్జెక్టులు. కోర్ సబ్జెక్టుల్లో జీపీఏ, అంటే గ్రేడుల సగటు, నాలుగుకి కనీసం 2.3 రావాలి. తొమ్మిది, పదిలో సోషల్ చదివి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న మన పిల్లవాడికి ఈ పట్టిక చాలావరకు సర్దుకుంటుంది. పైగా ఇంటర్ ఆలస్యం కాకుండా ముగించాలి. మధ్యలో ఏడాది ఖాళీ వస్తే అర్హతకి ఇబ్బంది కావచ్చు. కాబట్టి తొమ్మిదో తరగతి మార్కుల జాబితా ఇప్పుడే స్కూల్ నుంచి స్టాంపు, సంతకంతో తెచ్చి దాచండి. రెండేళ్లు ఆగి వెళ్తే ఆ కాగితం కోసం తిరగాల్సి వస్తుంది.

ఏ కాలేజీలో ఇంటర్ అన్నది గ్రూపు కన్నా ముఖ్యం. తెల్లవారుజామున మొదలై రాత్రి పదింటి దాకా సాగే స్టడీ అవర్స్ మధ్య ఏ ఆటా బతకదు. సాయంత్రం నాలుగు తర్వాత వదిలే డే కాలేజీ చూడండి, ర్యాంకుల బోర్డు చిన్నదైనా సరే.

గ్యారంటీ మాట కూడా తేల్చుకుందాం. స్కాలర్‌షిప్ ఇచ్చేది కాలేజీ కోచ్, మధ్యవర్తి కాదు. డివిజన్-3 కాలేజీలు ఆట పేరుతో అసలు స్కాలర్‌షిప్పే ఇవ్వవు. 'ఏ డివిజన్, ఏ కోచ్ బాబు వీడియో చూశాడు, ఆయన రాసిన మెయిల్ చూపించండి' అని అడగండి. కాలేజీ ఆటగాళ్లు ఇప్పుడు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చని కూడా చెప్పే ఉంటారు. 2021 నుంచి ఆ వీలుంది, నిజమే. కానీ ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి పని మీద ఆంక్షలుంటాయి. అమెరికన్ పిల్లలకు వచ్చే ఆ ఆదాయాన్ని మీ లెక్కలో వేసుకోకండి.

అక్కడికి చేరకపోతే ఏముంది? ఇక్కడ ఒక అబ్బాయి గురించి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట అతని తండ్రి కూడా మీలాగే నా దగ్గరికి వచ్చాడు. మొన్న ఆ అబ్బాయి డ్యూటీ దిగి, కిట్ బ్యాగు భుజాన వేసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లకి కలిపి తెల్ల టేపు చుట్టి ఉంది. ప్లాస్టిక్ ఫోల్డర్ తెరిచి రెండు కాగితాలు టేబుల్ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి బంగారు రంగు సీలు, రిబ్బను బొమ్మ, 'ఆల్ ఇండియా ఓపెన్' అని పెద్ద అక్షరాలు. దానికోసం వాళ్ల నాన్న ఎంట్రీ ఫీజు, ప్రయాణం కలిపి పాతిక వేలు పెట్టాడు. ఏ ఉద్యోగానికీ అది చెల్లలేదు. రెండోది నలిగిన మామూలు కాగితం, జూనియర్ నేషనల్స్‌లో రాష్ట్రానికి ఆడినట్టు గుర్తింపు ఉన్న ఫెడరేషన్ ఇచ్చింది. రైల్వే ట్రయల్స్‌కి పిలుపు తెచ్చింది ఆ కాగితమే. 'మేడమ్, ఈ తేడా ఎవరూ ముందు చెప్పలేదు' అన్నాడు. అందుకే మీకు చెబుతున్నాను. కట్టే ముందు ఆ టోర్నమెంట్ ఎవరిదో కనుక్కోండి. బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్, యూనివర్సిటీ పోటీలు, ఖేలో ఇండియా: ఈ నాలుగింటిలో దేని కిందికీ రాకపోతే అనుభవం కోసం ఆడొచ్చు, సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోవద్దు.

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాడి ఇల్లు ఎక్కువగా గడిచేది ఉద్యోగం మీదే. రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, పోలీసు శాఖలు జట్లు నడుపుతాయి. భారత జట్టు కెప్టెన్‌గా చేసి 2020లో అర్జున అందుకున్న విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ ఆటగాడు. అనితా పాల్‌దురై దక్షిణ రైల్వేలో పనిచేస్తూనే దేశానికి ఆడి పద్మశ్రీ అందుకుంది. రైల్వే స్పోర్ట్స్ కోటాలో సాధించిన స్థాయిని బట్టి మూల వేతనం, ఏడో వేతన సంఘం లెక్కన, లెవెల్-1లో 18,000 నుంచి లెవెల్-5లో 29,200 దాకా మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె, వైద్యం, పాసులు అదనం. ఆట ఆగినా ఉద్యోగం ఆగదు. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త క్రీడా విధానం వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది. ఖేలో ఇండియా క్రీడాకారుడిగా ఎంపికైతే నెలకు పది వేలు భృతి.

మధ్యలో ఇంకో మెట్టు ఉంది, దాన్ని బాబుకి తప్పక చెప్పండి. అమృత్‌పాల్ సింగ్ 2017లో ఆస్ట్రేలియా లీగ్‌లో సిడ్నీ కింగ్స్‌కి ఆడాడు. అమ్‌జ్యోత్ సింగ్ జపాన్‌లో ఆడాడు. ప్రిన్స్‌పాల్ సింగ్ మన దేశంలోని ఎన్‌బీఏ అకాడమీ నుంచి జీ లీగ్ దాకా వెళ్లి, 2021లో ఎన్‌బీఏ వేసవి పోటీ అయిన సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో ఉన్నాడు. వీళ్లెవరూ వందల కోట్లు సంపాదించలేదు. అయినా విదేశీ లీగుల్లో జీతం తీసుకుని ఆడారు.

ఎత్తు విషయం. పదిహేనేళ్లకు ఆరడుగుల రెండంటే బాగుంది, ఇంకా ఎంత పెరుగుతాడన్నది మణికట్టు ఎక్స్‌రేలో ఎముక వయసు చూసి డాక్టరు అంచనా చెప్పగలరు. మీ జిల్లా జట్టులో పొడుగని బాబుని రింగ్ కింద నిలబెట్టి ఆడిస్తుంటారు. బయటి స్థాయిలో ఈ ఎత్తు గార్డులది, అంటే రింగ్‌కి దూరంగా ఉండి బంతి నడిపించే వాళ్లది. బంతి రెండు చేతులతో డ్రిబుల్ చేయడం, దూరం నుంచి వేయడం ఇప్పటినుంచే నేర్పమని కోచ్‌ని అడగండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ డబ్బాలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. లేబుల్ మీద లేని పదార్థం కూడా డోపింగ్ పరీక్షలో బయటపడుతుంది, శిక్ష ఆడినవాడికే పడుతుంది.

కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు తీసుకుని వెనక్కి అడగండి, ఇంకా ఇచ్చి ఉండకపోతే అసలు ఇవ్వకండి. ఈ నెలలో ఇంటర్‌లో చేర్చండి. అండర్-17లో రాష్ట్ర జట్టుకి ఎంపిక కాలేదా, స్టాండ్‌బైలో ఉన్నాడా అన్నది మీరు రాయలేదు. అది తెలుసుకుని, ఒక పూర్తి మ్యాచ్ వీడియో, గెలిచింది కాదు, బాగా ఓడిపోయింది, తీసి పెట్టుకుని నాకు మళ్లీ రాయండి. బాబుని కూడా రెండు వాక్యాలు రాయమనండి, తన మాటల్లో.